గుడి దీర్ఘం

గొంతు పట్టేసింది, ఇవాళ రాలేనని డ్రైవింగ్ స్కూలాయన కబురు పెట్టాడు. ఆ మాట వినగానే కళ్లద్దాల షాపాయన కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాడు.

లైబ్రరీ మేడమీద గదిలో ప్రతి ఆదివారం నాటకం చదువుతారు. వేషాల్లేవు, తెరల్లేవు. గుండ్రంగా కుర్చీలేసుకుని ఎవరి పాత్ర వాళ్ళు పైకి చదవడమే. నడిపేది ఒక రిటైర్డ్ మాస్టారు. ఇంటి సంగతులు చెప్పులతోపాటు గుమ్మం బయటే వదలాలి, లోపలికొస్తే అందరూ పాత్రలే అని ఆయన నియమం.

ఏ నాటకమైనా భార్య పాత్ర నర్సు గారిది, భర్త పాత్ర డ్రైవింగ్ స్కూలాయనది. కళ్లద్దాలాయన గొంతులో ఉప్పూ కారం లేవని మాస్టారు అతనికి బ్రాకెట్లు అప్పగించారు. "లేచి నిలబడుతుంది", "నవ్వుతుంది" అని అతను చదువుతాడు. నర్సు గారు లేవదు, నవ్వదు. బ్రాకెట్లకి బదులు చెప్పాల్సిన పని ఎవరికీ లేదు కదా.

ఆవిడ తనతో ఒక్క మాట మాట్లాడాలి. అతని కోరికల్లా అదే. అసలు ఈ గదికి రావడం మొదలుపెట్టిందే అందుకు. చేరిన రోజున మాస్టారు, "నర్సు గారు తెలుసా మీకు?" అనడిగితే, "చూస్తుంటానండి" అన్నాడు. ఆవిడ పుస్తకంలోంచి తలెత్తలేదు.

ఆవిడ వెళ్ళే దారే అతనిదీ. చదవడం అయ్యాక నాలుగడుగులు వెనకగా నడుస్తాడు. ఈమధ్య ఆవిడ పుస్తకం దూరంగా పట్టుకుంటోంది, అద్దాల నంబరు మారినట్టుంది. చెప్దామని నోటిదాకా వస్తుంది. అక్కడే ఆగిపోతుంది.

"సరే, భర్త మీరే చదవండి," అన్నారు మాస్టారు, గత్యంతరం లేక. "బ్రాకెట్లు నేను చూసుకుంటా."

మొదటి రంగంలో భర్త ఊళ్ళో లేడు. రెండో రంగంలో వచ్చాడు. వస్తూనే తగువు.

"తప్పు నాదే," అని చదివాడు కళ్లద్దాలాయన.

"నాదే కాదండీ, నీదే," అన్నారు మాస్టారు. "అక్కడ గుడి దీర్ఘం ఉంది చూడండి. మొగుడు తప్పు ఒప్పేసుకుంటే రెండో రంగంలోనే నాటకం అయిపోదూ?"

అందరూ నవ్వారు. "కళ్లద్దాల షాపు పెట్టుకుని ఇదేం చోద్యమండీ!" అన్నారెవరో.

అతను అద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.

"తప్పు నాదే."

మాస్టారు నెత్తి కొట్టుకుని, "భార్య, కోపంగా" అని బ్రాకెట్ చదివారు.

నర్సు గారు ఏనాడూ తన వంతు మర్చిపోయిన మనిషి కాదు. ఇవాళ వేలు లైను మీదే ఉంది, మాట మాత్రం రాలేదు.

"అమ్మా, మీ డైలాగే."

"ఏదీ, మళ్ళీ అనండి," అని మెల్లగా చదివింది ఆవిడ.

"కోపంగా అని ఉందమ్మా!"

"కనబడలేదండి," అందావిడ. "అద్దాలు మార్చాలి."

కళ్లద్దాలాయన మళ్ళీ అన్నాడు, గుడి దీర్ఘం లేకుండానే. మాస్టారు దిద్దడం మానేశారు.

నాటకం ఎలాగో ఒడ్డున పడింది. కుర్చీలు గోడవారకి చేర్చి అందరూ వెళ్ళిపోయారు. నర్సు గారు మెట్లు దిగింది. నాలుగడుగులు వెనకగా అతనూ దిగాడు.

గేటు దగ్గర ఆవిడ ఆగింది. అతనూ ఆగాడు. ఆవిడ చేతిసంచీ అంతా వెతికి, వెనక్కి తిరిగింది.

"ఇంటి తాళంచెవి మీరు తెచ్చారా, నేను తెచ్చానా?" అని, ఇన్నేళ్ళ తర్వాత, పుస్తకం చూడకుండా అడిగింది అతని భార్య.