ముందు రొట్టె

నారాయణఖేడ్ వైపు ఇప్పుడు గోధుమ విత్తే ముందే దాని రొట్టె తిని చూస్తున్నారు. గుప్పెడు మన్ను, నాలుగు గింజలు కొత్తగా వచ్చిన రొట్టె పెట్టెలో వేస్తే చాలు, ఇంకా విత్తని పంట రొట్టెగా కాలి వస్తుంది. దిగుబడి ఎంతో రొట్టె అంత. ఆపైన నీళ్లకూ ఎరువులకూ అయ్యేదంతా పెట్టె తనే కొరికేసి, మిగిలే లాభాన్ని చేతికిస్తుంది.

పొరుగింటి పుల్లకూర రుచి కదా! వాగు పక్క చేనులో బక్కన్న వేసే బంగారుకంకి రకం గోధుమ మీదే సాయవ్వ మనసు.

"గదే ఏద్దాం బిడ్డా," అంది కోడలు మంజులతో.

గుట్ట మీది తమ మన్ను వేయగానే పళ్లెమంత రొట్టె పొంగింది. సాయవ్వ మురిసేలోపే పెట్టె నీటి ఖర్చంతా కరకరా కొరికి, గోరంత ముక్క వదిలింది.

మంజుల ఈసారి పొట్టికంకి గింజలు వేసింది. అరచేతంత రొట్టె వచ్చింది. పెట్టె అంచున ఒక్క కొరుకు కొరికి ఊరుకుంది.

"అబ్బ, మన గుట్ట సంగతి దీనికెంత ఎరుకనే!" సాయవ్వ పెట్టెకు దిష్టి తీసినంత పని చేసింది.

అంతలో గుమ్మంలోకి బక్కన్న వచ్చాడు. "కమ్మటి వాసనొస్తున్నది సాయక్కా. గా గింజలు నాక్కూడ జరన్ని ఇయ్యరాదు?"

రొట్టె తుంచి అతని చేతిలో పెడుతూ సాయవ్వ నవ్వింది.

"గింజలకేంది తమ్మీ, ఇస్త. ముందుగాల నీ మన్ను పట్కరాపో."