ఒక్క పేరు

“ఒక్క పేరు చాలు,” అన్నాడు కంపెనీ ఆఫీసరు వరదరాజులు, మడిచిన తెల్లకాగితాన్ని ఆదిమూలం చొక్కా జేబులో తనే పెడుతూ. “సోమవారం మళ్ళీ వస్తాను. అప్పటికి రాసి ఉంచు.”

“నేనా సార్ రాసేది?”

“మేస్త్రీవి నువ్వే కదా? దినమూ వాళ్ళతో కూర్చునేది నువ్వు. మద్రాసులో ఉండే మేనేజరుకు ఎవరి సంగతి ఏం తెలుస్తుంది?” వరదరాజులు గొంతు తగ్గించాడు. “ఎవరితోనూ అనకు. తెలిసిందంటే చేతిలో పని ఆగిపోతుంది. ఒక కుటుంబం సంగతి ఇది. రేపు వాళ్ళ ముందు తలెత్తుకుని నిలబడేట్టు రాయి.”

ఎందుకని ఆదిమూలం అడగలేదు. అడగవలసిన అవసరం ఉందని అతనికి తోచనూ లేదు.

యుద్ధం అయిపోయాక విమాన కంపెనీ వేలూరు పక్కన తొరపాడిలో ఈ షెడ్డు పెట్టి, గుడియాత్తం నుంచి ఎనిమిది మంది నేతపనివాళ్ళను తెచ్చుకుంది. విమానాల సీట్లకు తొడుగులు, తోక దగ్గర కదిలే రెక్కలకు కప్పే గుడ్డ, అన్నీ ఇక్కడే కుట్టి మూటలు కట్టి రైల్లో మద్రాసు పంపేవాళ్ళు. తరవాత కంపెనీలు ఎక్కువై, ఎక్కేవాళ్ళు తక్కువయ్యారు. అన్నిటినీ సర్కారే తీసేసుకుంటుందని పేపర్లో కూడా పడింది. కంపెనీ మాత్రం పనివాళ్ళను ఒక్కసారిగా వీధిలోకి తోసెయ్యలేదు. మొదట జీతం సగం చేసి, మిగతా సగానికి బియ్యం ఇచ్చింది. ‘మనమంతా ఒకే కుటుంబం’ అని గోడమీద తమిళంలో రాయించింది. ఆ రంగు ఆరాక, నెలకొకరి చొప్పున తీసెయ్యడం మొదలుపెట్టింది. నాలుగు నెలల్లో నలుగురు పోయారు. ఇది అయిదో నెల.

ఆదిమూలం షెడ్డులోకి వచ్చేసరికి మిగిలిన ముగ్గురూ మాటల్లో ఉన్నారు.

“వేలూరు ఆంధ్రాకు పోతాదంటావా, ఈడనే ఉంటాదంటావా?” అన్నాడు మునియప్ప.

“యాడికి పోతే మనకేమప్పా,” అన్నాడు నాగలింగం. “ఈ సూది మన చేతిలో ఉంటే సాలు.”

అమరావతి నవ్వి దారం కొరికింది. ఆమె కుట్టు కుడితే గుడ్డలో దారం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆదిమూలం ముగ్గురిలో ఎవరి ముఖమూ చూడకుండా కత్తెర అందుకున్నాడు.

ఆ సాయంత్రమే కాట్పాడిలో రైలెక్కి గుడియాత్తం చేరాడు. భార్య చౌడేశ్వరికి కాగితం చూపించి సంగతి చెప్పాడు.

“మునియప్ప పేరు రాయి,” అంది ఆమె. “లత్తేరి దగ్గర వానికి చేను ఉండాది.”

“వానికి నలుగురు బిడ్డలుండారే.”

“నాగలింగం?”

“వాళ్ళమ్మ మంచంలో ఉండాది. మందులకే సాలడం లేదు.”

అమరావతి సంగతి ఆమె తనే అంది. “మొగుడు లేని మనిషి. ఆ యమ్మను తీసేదానికి నీకు చెయ్యి రాదులే.”

చౌడేశ్వరి లేచి లోపలికి పోయింది. లుంగీలు అమ్ముడుపోక ఆసామి నూలు ఇవ్వడం మానేసి ఆరు నెలలయింది. అప్పట్నుంచి మగ్గం గుంటలో కట్టెలు పోసుకున్నారు. ఆమె గుంటలోకి దిగి కట్టెలు ఒక్కొక్కటే బయట వేయసాగింది.

“ఏం చేస్తాండావు?” అన్నాడు ఆదిమూలం గుమ్మంలో నిలబడి.

“గుంట బాగు చేస్తాండా. నీ పేరే రాసెయ్.”

అతనికి తెలుగు రాయడం రాదు. తమిళ అక్షరాల్లో, పెద్దగా, తన పేరు రాశాడు. ఆదివారం మధ్యాహ్నం చాలా రోజుల తరవాత కంటినిండా నిద్రపోయాడు.

సోమవారం వరదరాజులు కాగితం విప్పి చూశాడు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“ఇది నీ పేరు.”

“అవును సార్.”

“బాగా ఆలోచించే రాశావా?”

“రెండు దినాలుగా అదే ఆలోచన సార్.”

“అమరావతి పేరు రాస్తావనుకున్నాను.”

“ఆ యమ్మ పేరు రాసేదానికి నాకు మనసొప్పలేదు సార్.”

వరదరాజులు అతన్ని కాసేపు పరీక్షగా చూశాడు. “మీ ఇంట్లో ఏమన్నారు?”

“ఆమే రాయమన్నాది సార్.”

“వీళ్ళకు చెప్పావా?”

“లేదు సార్. చెప్తే ఒప్పుకోరు.”

“ఎట్లా ఒప్పుకుంటారు!” అన్నాడు వరదరాజులు. సంచిలోంచి టైపు కొట్టిన ఉత్తరువు తీసి, ఖాళీగా ఉన్నచోట పేరు నింపి, సంతకం చేసి, ముద్ర వేశాడు. ఆదిమూలం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుండెలోంచి బరువు దిగిపోయినట్టుంది. లోపల మునియప్ప ఏదో అన్నాడు కాబోలు, ముగ్గురూ గట్టిగా నవ్వుతున్నారు.

వరదరాజులు ఉత్తరువు అతని చేతికిచ్చి, ముఖం తిప్పుకున్నాడు.

“నువ్వు తప్ప మిగతా ముగ్గురినీ పనిలోంచి తీసేశామని నువ్వే పోయి చెప్పు.”