పదకొండో చింతగింజ

ఎనిమిదో గింజ కూడా పాడైంది. ఏనుగు తొండం ఓడ అంచు దాటి నీళ్లలోకి జారింది. ప్రేమకుమారి కుంచె కడిగి, పొట్టు తీసిన మరో చింతగింజ అందుకుంది.

ఆదివారం గుడి నుంచి రాగానే ఆమెకు ఇదే పని. వారమంతా నంద్యాలలో ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించే టీచరమ్మ, ఆ ఒక్క పూట పదిహేనేళ్లు వెనక్కి పోయి కూర్చునేది.

1971లో ఆమె చదివిన బడికి డ్రాయింగ్ మాస్టరు ఆమె తండ్రి జకరయ్యే. చింతగింజ మీద బైబిల్లోని నోవహు ఓడ, అందులో ఏడు జతల జంతువులు వేయాలని పిల్లలకు పందెం పెట్టాడు. గెలిచినవాళ్లను కర్నూలుకు డ్రాయింగ్ ట్రైనింగుకు పంపుతామన్నాడు హెడ్మాస్టరు.

ఆళ్లగడ్డ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే బాలమ్మ గింజ చూసి అందరూ నోళ్లు తెరిచారు. జింక కొమ్ములు సైతం లెక్కపెట్టొచ్చు.

ప్రేమకుమారికి కడుపు మండింది. లేచి నిలబడింది.

“సార్, అది బాలమ్మ ఏసింది కాదు. మొన్న ఆదివారం వాళ్ల నాయనొచ్చి ఏసిచ్చినాడు. నా కండ్లతో చూసినా.”

ఆమె ఏమీ చూడలేదు. బాలమ్మ తండ్రి మోషే ఎద్దుల బండ్ల మీద పేర్లు రాస్తాడని మాత్రం తెలుసు.

“నిజమేనా?” అని హెడ్మాస్టరు గద్దించాడు. బాలమ్మ ఒక్కసారి డ్రాయింగ్ మాస్టరు వైపు చూసి తల దించుకుంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

మరునాడు మోషే వచ్చి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని కూతుర్ని తీసుకుపోయాడు.

పందెం ప్రేమకుమారిదే అయింది. కానీ కర్నూలు పోవడానికి ఆమెకు మనసొప్పలేదు. ఆ ఏడాది నుంచి జకరయ్య కూడా కుంచె ముట్టలేదు. తన అబద్ధాన్ని పసిగట్టాడేమోనని ఆమె లోలోపల కుమిలిపోయేది.

పదకొండో గింజ కుదిరింది. తీసుకెళ్లి తండ్రి చేతిలో పెట్టింది.

“ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినా నాయనా.”

“నాకు తెలుసులేమ్మా.”

“దీన్ని బాలమ్మకిచ్చి కాళ్ల మీద పడతా.”

“పోవద్దులే తల్లీ.” ఆయన గింజను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. “ఇన్నేండ్లకు దాన్ని గెలికితే ఏమొస్తాది?”

ఆమె వినలేదు. బస్సెక్కింది.

ఆళ్లగడ్డలో బాలమ్మ వసారాలో కూర్చుని కుట్టుమిషను తొక్కుతోంది. మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక ముక్కాలిపీట వేసింది. గింజను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

“నువ్వే ఏసినావా? బాగుంది ప్రేమా.”

ప్రేమకుమారికి ఏడుపు ఆగలేదు. “చూడంది చూసినానని చెప్పి నీ చదువు మాన్పిస్తిని. మీ నాయన మీద నింద ఏస్తిని. కాదని ఒక్క మాటన్నా అనకపోతివే బాలమ్మా?”

“కాదంటే, మరి ఎవరేసినారని అడుగుతారు గదా.”

“‘నేనే ఏసినా’ అని నువ్వు చెప్పాల్సింది!”

బాలమ్మ గింజను ఆమె అరచేతిలో పెట్టి మెల్లగా వేళ్లు మూసింది.

“నాకు ఓడ గీత కూడా రాక హాస్టలు మెట్ల మీద కూచోని ఏడుస్తాంటే, ఆ బొమ్మ ఏసిచ్చింది మీ నాయన.”