నత్త చెప్పిన పేరు

కుంటలో చెట్టునీడ పడే నీడరాయి దక్కవలసింది నత్తకు, దక్కింది కప్పకు.

కప్పగుడ్లు ఎందుకు మురిగిపోతున్నాయో మూడు వానాకాలాలు ఒక్కో గుడ్డు లోపలికి చూసి నత్త కనిపెట్టింది. ఎండ తగిలితే గుడ్డులోని సన్నని పోగు తెగిపోతోంది. ఆ పని ఇంకా సాగాలంటే దానికి నీడ కావాలి. కానీ ఎవరి పేరు ఎక్కువసార్లు వినబడితే వాళ్లకే రాయి అన్నాడు ఏటా ఆ రాయి ఎవరిదో తేల్చే తాబేలు తాత. కప్పలు ఒకదాని పేరు ఇంకొకటి పొద్దంతా అరిచాయి.

"వాళ్లు కనిపెట్టింది ఏమిటి తాతా?" అని నత్త నిలదీసింది.

"అది చూడటం నా పని కాదమ్మా. నీ పేరు ఒక్కసారే వినబడింది. అదీ నీ నోటే."

రాయెక్కి కూర్చున్న కప్ప నవ్వింది. "పిచ్చి వదినా, నువ్వు ఏం చెప్పినా మా పేర్లు కలుపు. నీ పేరు మేం అరుస్తాం. వచ్చే ఏడు రాయి నీదే."

"ఆ గుడ్లు మీవే. ఒక్కరోజైనా తొంగి చూశారా? నాతోపాటు ఎండలో మాడింది నీటిపురుగు. చెబితే దాని పేరే చెబుతాను."

ఇప్పుడు నత్త తన గుల్ల నీడలోనే కప్పగుడ్లు ఉంచుకుని చూస్తోంది. కొత్త సంగతి తెలిసినప్పుడల్లా నీటిపురుగు పేరు చెబుతోంది. కప్ప ఏటా వచ్చి అడుగుతూనే ఉంది. దాని పేరు మాత్రం నత్త నోట ఇంతవరకూ రాలేదు.