పుర్రచేతి గిటారు

"ఫోన్లో ప్రకటన ఫోటో అద్దంలోలా తిరగబడిందనుకుని వచ్చారా?" నాగాయలంకలో పాత ఎలక్ట్రిక్ గిటారు అమ్ముతున్న క్రాంతి కుమార్ గారు నవ్వారు. "నాది పుర్రచేతి వాటమండీ. తీగలు, స్విచ్చులు అన్నీ ఇటువి అటు మార్చి బిగించాను. మీకు పనికిరాదు."

ఎనిమిదేళ్ళుగా చర్చిలో కుడిచేత్తో వాయిస్తున్నాను. ఇది కొంటే మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. వచ్చే ఆదివారమే ఈస్టర్. నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

గిటారు తీసుకుని ఎడమచేత్తో మీటాను. సండేస్కూలు పిల్లల పాటలో కూడా తప్పులు వచ్చాయి. ఆయన నా చేతులకేసే చూస్తున్నారు.

"ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారా?" జాలిగా అడిగారు.

చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు అమ్మ నా ఎడమచేతిని చున్నీతో కుర్చీకి కట్టేసేదని ఆయనకు చెప్పలేదు.

"అవునండీ," అన్నాను. "బ్యాగు కూడా ఇస్తారా?"