బదులుకు రాని మనిషి

సరళ చేనులో మిరపకాయ పండింది. ఎకరన్నర. రెండు రోజుల్లో వానని టీవీలో చెప్పారు. తడిస్తే కాయ రంగు పోతుంది. కోయడానికి ఒక్కరూ రాలేదు.

పెనుబల్లి దగ్గరి ఆ తండాలో మిరప కోత బదులు మీద నడుస్తుంది. నువ్వు మా చేనుకొస్తే మేము మీ చేనుకొస్తాం. సరళ రెండు కోతల నుంచి ఎవరి చేనుకూ పోలేదు.

కోత ముఠాను నడిపేది ద్వాలి. సరళకు యారాలు, అంటే తోడికోడలు. ఇద్దరికీ వయసులో రెండేళ్ల తేడా. చూసినవాళ్లు ఇరవై అంటారు. ద్వాలి మొహం ఎండకు ముడతలు పడింది. సరళ నుదుటి మీద గీత కూడా లేదు.

సరళ భర్త కోటేష్ వచ్చి ద్వాలి గడప ముందు నిలబడ్డాడు.

"వదినా, ఒక్క రోజు ముఠాను తోలు."

"మీ దొర్సాని ఏం జేస్తది? చేతులకు గ్లౌజులేసుకొని గట్టు మీద నిలబడ్తదా?"

"దానికి పెయ్యి మంచిగుంటలేదు."

"రోగమొచ్చినోళ్ల మొహం గట్ల మెరుస్తదా? మొన్న పెండ్లిల రొట్టె పెడితే రెండు తునకలు తిని పక్కకు జరిపింది. మన తిండి ఆమెకు గొంతు దిగదు. మామకు దండం పెట్టమంటే చేతులు అంటీ అంటనట్టు పెట్టింది. నవ్వనన్నా నవ్వదు. నవ్వితే మొహం నలుగుతదని భయం!"

అరుగు మీద కూర్చున్న ముఠా ఆడవాళ్లు పడీపడీ నవ్వారు.

"ఏం క్రీము రాస్తదో అడుగక్కా," అంది ఒకామె.

కోటేష్ తల దించుకున్నాడు.

"నెలనెలా ఖమ్మం పోతున్నం. రేపు గూడ డాక్టరు రమ్మన్నడు."

"అవ్, ఆ మొహాన్ని ఏ డాక్టరు చేసిండో నేనూ వచ్చి చూస్త. రోగమని ఆయన నోటితో చెప్పాలె. చెప్తే ఎల్లుండి పొద్దుగాలనే ముఠాను తోలుత. లేకుంటే మీ కాయ చెట్టు మీదనే కుళ్లనియ్యి."

మర్నాడు బస్సులో సరళ కిటికీ మూసింది. ద్వాలి తెరిచింది. సరళ చేతులు కొంగులో దాచుకుంది.

"ఏంది, గాలి తగిలితే రంగు మారతవా?" అంది ద్వాలి.

సరళ కొంగు కింద చేతులు రుద్దుకుంది.

దవాఖానాలో డాక్టరు సరళ చెంపను రెండు వేళ్లతో పట్టి చూశాడు. చీటీ మీద మందు రాశాడు. అదే చీటీ మీద ద్వాలి చూపు నిలిచింది. వచ్చిన పని మరిచిపోయింది.

"సారూ, నేను ఈమె కంటే రెండేండ్లే పెద్ద. ఈమెకిచ్చే మందే నాకూ రాయున్రి. ఈ ముడతలు పోవాలె."

డాక్టరు సరళ వైపు చూశాడు. చెప్పమన్నట్టు ఆమె తలూపింది.

"తన ఒళ్లే తన మీద తిరగబడి, ఏళ్ల తరబడి ఆరని వాపు ఈమె చర్మాన్ని పుండు మానిన మచ్చలా బిగించేసిందమ్మా, మూడేళ్లుగా నేను మందిస్తున్నది ఈ మొహం మీద ఒక్క ముడతైనా తిరిగి రావాలని."