బతికున్నంత కాలం గ్యారంటీ

నాకు అక్షరాలు మనవలు పుట్టాక వచ్చాయి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నేను నెమ్మదిగా రాశాను, మీరు గబగబా చదివెయ్యండి.

ఆర్విడ్ హాగెన్ ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో పార్శిల్లో వచ్చిన ఇనప ముక్కను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు.

"కర్టిస్, నాయనా, ఇదీ పట్టలేదు."

"అయ్యో, మళ్ళీనా పెద్దాయనా?"

"మళ్ళీనే. మొదట పంపింది లావు. తర్వాతది పొట్టి. ఇదేమో అసలు నా మిషనుదే కాదు. మీ కంపెనీలో కళ్ళున్నవాడు ఒక్కడూ లేడా?"

ఇంట్లో తూటాలు నింపుకునే మిషన్లు తయారుచేసే కంపెనీ అది. కొన్నవాళ్ళ మొర వినడం కర్టిస్ ఉద్యోగం. మిషను కొన్నవాడు బతికున్నంత కాలం, ఏది విరిగినా ఊరికే పంపుతారని ఆ కంపెనీకి పేరు. ఆర్విడ్ పెళ్ళయిన కొత్తలో కొన్నాడు. ఇన్నేళ్ళలో ఏ ముక్క పోయినా సరైన ముక్కే వచ్చేది. ఈ ఏడే ఏం పుట్టిందో!

విరిగింది వేలెడు ముక్క. తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ ఉంటుంది. దాన్ని నొక్కి కూర్చోబెట్టేది ఆ ముక్కే. అది లేకపోతే మిషను బల్లకు బిగించిన ఇనుమే.

పోనీ కొట్లో తూటాలు కొందామా అంటే, ఆర్విడ్ తండ్రి తుపాకీకి సరిపోయేవి ఎవరూ చెయ్యడం లేదు. ఆ తుపాకీతో ఏటా కొండెక్కి ఒక ఎల్క్ దుప్పిని కొట్టుకురావడం ఆ ఇంటి ఆనవాయితీ. ఈ ఏడుతో సరి అని మోకాళ్ళు చెప్పేశాయి. వేట రోజులు ముంచుకొస్తున్నాయి.

"నాకూ అంతు చిక్కడం లేదు సార్. ఇవాళే ఇంకోటి పంపిస్తా" అన్నాడు కర్టిస్. గొంతు బాగా నీరసంగా ఉంది.

"పంపు. బతికున్నంత కాలం అన్నారు. నేనింకా బతికే ఉన్నా. ఉండు, చిరునామా మా ఆవిడ చెబుతుంది."

మావిస్ వచ్చి ఫోను అందుకుంది. తీగ సాగినంత మేరా సాగదీసుకుని వంటింటి మూలకు వెళ్ళింది. ఆర్విడ్ గ్యారేజీలోకి వెళ్ళి మిషను మీది దుమ్ము తుడిచాడు. ఖాళీ తూటాల ఇత్తడి గొట్టాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. తళతళలాడుతున్నాయి. నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"ఆ కుర్రాడితో మాట్లాడినంత నువ్వు నాతో ఈ జన్మలో మాట్లాడలేదు" అంది మావిస్, కాఫీ తెచ్చి పెడుతూ.

"నువ్వేమైనా విడి భాగాలు పంపావా?"

మావిస్ నవ్వింది. ఆర్విడ్ కాఫీలో చక్కెర వేసుకున్నాడు. కొండ మీద కొత్త మంచు పడింది, దాన్ని చూశాడు. చక్కెర వేసుకున్నాడు.

"పొరుగు గ్లెన్ తన తుపాకీ ఇస్తానంటున్నాడు. అరువు తుపాకీతో కొట్టింది అరువు మాంసమే అన్నాను" అని మళ్ళీ చక్కెర చెంచా ఎత్తాడు.

మావిస్ ఆ కప్పు తీసేసి తన కప్పు అతని ముందుకు జరిపింది.

"మంచి మాటే అన్నావు. అయినా అంత కష్టపడి కొండెక్కకపోతే ఏం?"

"మా నాన్న ఆఖరుసారి ఎక్కినప్పుడు నేను పక్కనున్నా. నా ఆఖరుసారి ఆయన తుపాకీ అయినా పక్కనుండాలి కదా" అంటూ ఆర్విడ్ కనుబొమ మీది మచ్చ రుద్దుకున్నాడు. నిరుడు తుపాకీ ఎన్నడూ లేనంత గట్టిగా వెనక్కి తన్ని, కుట్లు పడ్డ చోటు. ఏదైనా ఆలోచిస్తే చెయ్యి అక్కడికే పోతుంది.

"అంతా కొలతలో ఉంది మావిస్. తూటాలో మందు రవ్వంత ఎక్కువైందా, తుపాకీ చేతుల్లోనే పేలుతుంది. ఆ కొలత ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ముక్క ఒక్కటి రానీ."

వచ్చింది. ఆర్విడ్ అట్టపెట్టెను పళ్ళతో చింపినంత పని చేశాడు. మిషను దగ్గర అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆకురాయి పెట్టి రుద్దాడు. ఆఖరికి దాన్ని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

ఆ ఉదయమే వేట మొదలైంది. గ్లెన్ బండి దుప్పి కొమ్ములతో రోడ్డు మీద పోయింది. హారను కూడా కొట్టాడు, పాపం, ప్రేమతోనే.

ఆర్విడ్ ఫోను చేశాడు. ఈసారి తిట్టలేదు.

"కర్టిస్, నాయనా. వేట థాంక్స్‌గివింగ్ పండుగ దాటేదాకా ఉంటుంది. ఇంకా రోజులున్నాయి. నువ్వే స్వయంగా చూసి, చేత్తో ఏరి పంపు. నిన్ను అడుక్కుంటున్నా."

"క్షమించండి పెద్దాయనా" అన్నాడు కర్టిస్. ఏడుస్తున్నాడేమో అనిపించింది ఆర్విడ్‌కు. మంచి కుర్రాడు. కంపెనీయే చెడిపోయింది.

"చిరునామా చెప్పు" అని ఫోను మావిస్ చేతికిచ్చి, చలికోటు తొడుక్కుని బయటికి నడిచాడు.

"రూబీ! ఇటు రా, రూబీ!"

రూబీ వాళ్ళ పాత కుక్క, అది పోయి చాలా కాలమైంది. ఇప్పుడున్న కుక్క టిల్లీ తోకాడిస్తూ పరిగెత్తుకొచ్చింది.

తలుపు మూసుకుంది. మావిస్ ఫోను రెండు చేతులా పట్టుకుంది.

"బాబూ కర్టిస్," అంది మెల్లగా, "ఈసారి కూడా పట్టనిదే పంపు."

— ఎడ్నా క్విస్ట్, డెబ్భై ఆరేళ్ళు. ఇప్పుడు ఉండేది రౌండప్, మోంటానా. మావిస్ వాళ్ళ పక్కిల్లు.